పేర్లు పిలిచే ఆయనకు

దెయ్యాలూ, ఆత్మలూ అంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నేను మస్టరు గుమాస్తాగా బతికినవాణ్ణి. మస్టరంటే కూలీల హాజరు పట్టీ. పొద్దున్నే పట్టీ చేతబట్టుకుని పేర్లు పిలవాలి. ఎదురుగా నిలబడి పలికినవాడికి గీత, పలకనివాడికి సున్నా. ముప్ఫై ఏళ్ళు ఇదే నా పని. "వస్తన్నాడండీ, దారిలో ఉన్నాడు" అని పక్కవాడు బతిమాలినా నేను గీత గీసేవాణ్ణి కాదు. కంటికి కనపడని మనిషికి హాజరు వేసే అలవాటు నాకు లేదు.

అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మా అమ్మాయి ప్రాణం తీస్తుంటే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నాకేం పట్టింపు లేదు.

నాగార్జునసాగర్ డ్యాం కడుతున్న రోజులవి, యాభైల చివరి సంవత్సరాలు. మా ఊరు గురజాలకు మూడు మైళ్ళు లోపలికి. వాన కురిస్తే జొన్న, లేకపోతే మన్ను. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. మా ఆవిడ కోటమ్మకు అక్షరం ముక్క రాదు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి మారుమనువు చేసుకుని బొల్లాపల్లి అవతల ఎక్కడో స్థిరపడ్డాడు. కాన్పుకు పోదామన్నా పుట్టిల్లు లేని మనిషి.

మా ఇంట్లో ఉన్నది మా అమ్మ. అమ్మకు చెముడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తేగాని వినపడదు. కాబట్టి కోటమ్మకు కాస్త మెల్లగా మాట్లాడుకోవడానికి ఉన్న మనిషిని నేనొక్కణ్ణే.

మా మొదటి కాన్పు ఇంట్లోనే అయింది. ఎనిమిదో నెల నిండకుండానే నొప్పులొచ్చాయి. మంత్రసాని వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. ఏడవలేదు. పాత చీరలో చుట్టి ఇస్తే తీసుకెళ్ళి మా చేను గట్టున పూడ్చింది నేనే.

తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని లోపలికి వెళితే, కోటమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒక్కటే అడిగింది. "ముక్కు ఎవరి పోలికయ్యా?"

నేను చూడలేదు. గుడ్డ తీసి చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆ మాట చెప్పలేక, "నీ పోలికే" అన్నాను. ఈ సంగతి మా ఇద్దరి మధ్యే ఉంది. మూడో మనిషికి తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఏడాదిన్నర తర్వాత కోటమ్మకు మళ్ళీ నెల తప్పింది. ఈసారి నేను అమ్మతో పోట్లాడి, నాలుగో నెలలో తనను నరసరావుపేటలో లేడీ డాక్టరున్న ఆస్పత్రికి తీసుకెళ్ళాను. బస్సులో మూడు గంటలు. దారిపొడుగునా దుమ్ము.

అక్కడ ఆడవాళ్ళు వరసగా బల్లల మీద కూర్చున్నారు. నర్సమ్మ పెద్ద రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కరినే అడిగి రాసుకుంటోంది. నీ పేరేంటి, ఏ ఊరు, ఎన్నో నెల, భర్త పేరేంటి. కోటమ్మ అన్నిటికీ గలగలా చెప్పింది. భర్త పేరు దగ్గరికొచ్చేసరికి తల దించుకుని కొంగు కొస నలుపుతూ నిలబడింది. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకరు. పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ భయం. ప్రాణం పోయినా పలకరు.

నర్సమ్మకు ఇది రోజూ ఉండే గొడవే. వరండాలోకి తల పెట్టి కేకేసింది. "ఈమె ఇంటాయన ఎవరండీ? రండి, మీ పేరు మీరే చెప్పిపోండి. ఈ పల్నాటి ఆడాళ్ళతో నా ప్రాణం పోతోంది. మొగుడి పేరు చెప్పడానికి మొగుణ్ణే వెంటబెట్టుకు రావాలి!"

బల్లల మీద అందరూ నవ్వారు. కోటమ్మ కూడా నవ్వింది. నేను పేరు చెప్పాను. నర్సమ్మ రాసుకుని నన్ను బయటికి తోలేసింది. మగవాళ్ళు లోపల ఉండకూడదు. ఎదురుగా వేపచెట్టు కింద రెండు గంటలు నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కోటమ్మ కిటికీ పక్కన కూర్చుని, లోపల ఏమేం చేశారో మొత్తం నా చెవిలో చెప్పింది. ఎక్కడ నొక్కారు, ఏం అడిగారు, పక్కనున్నామె ఎన్నో కాన్పు, డాక్టరమ్మ చేతులు ఎంత చల్లగా ఉన్నాయి. మూడు గంటలూ ఆ నోటికి విరామం లేదు. కండక్టరు మావైపు చూసి నవ్వుకున్నాడు. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న ప్రయాణం ఇంకొకటి లేదు.

డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పోయినసారి బిడ్డ పోవడానికి రక్తపోటు కారణం అయి ఉంటుందట. నెలనెలా తప్పకుండా వచ్చి చూపించుకుంటే ఈ బిడ్డ దక్కుతుంది, లేకపోతే తను హామీ ఇవ్వలేనంది.

ఆ నెలలోనే నాకు డ్యాం మీద మస్టరు గుమాస్తా పని దొరికింది. వెళ్ళిపోయాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. డ్యాం నుంచి మా ఊరు ఎంతో దూరం కాదు. లారీ ఎక్కి మాచర్ల, అక్కడ రైలెక్కితే గురజాల. కష్టపడితే ఒక పూట ప్రయాణం. కృష్ణకు వరద రాకముందే పని తేల్చాలి, సెలవుల్లేవు అని అందరికీ చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నాకు భయం. ఒకసారి ఈ చేతులతో పూడ్చాను. మళ్ళీ అలాంటి రోజు వస్తే ఆ ఇంట్లో ఉండకూడదని పారిపోయాను. నాలుగు నెలల గర్భిణిని చెవిటి ముసలిదాని మీద వదిలేసి, పట్టీ అడ్డం పెట్టుకుని దాక్కున్నాను. వెధవ పని. ఇంకో మాట లేదు.

డ్యాం దగ్గర నాకు ఒక రేకుల షెడ్డు. నా గ్యాంగులో రాయి కొట్టేవాళ్ళు నూటయిరవై మంది. పొద్దున్నే వాళ్ళ పేర్లన్నీ గొంతు చించుకుని పిలిచేవాణ్ణి. మళ్ళీ పొద్దుగూకాక పిలిచేవాణ్ణి. నన్ను మాత్రం ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. "సారూ" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు నా పేరు నాకే కొత్తగా అనిపించేది.

టపా కూడా నా చేతి మీదుగానే పంచేవాళ్ళు. ఎవరి గ్యాంగు ఉత్తరాల కట్ట ఆ గుమాస్తాకు ఇచ్చిపోతే, మధ్యాహ్నం గంజి వేళ పేర్లు పిలిచి ఇవ్వాలి. నేను వెళ్ళిన నెలకు, అలా పంచుతుంటే కట్టలో చివరికి ఒక కార్డు మిగిలింది. అడ్రసు వైపు పేరు లేదు. పెన్సిల్‌తో, చిన్నపిల్లలు దిద్దినట్టు పెద్ద పెద్ద అక్షరాలు.

"మాచర్ల మీదుగా, డ్యాం కాడ పేర్లు పిలిచే ఆయనకు."

తిప్పి చదివాను.

"ఏమయ్యా, పేట పోయొచ్చా. ఒంటిగానే పోయా. నర్సమ్మ చెక్క గొట్టం పొట్ట మీద పెట్టి చెవి ఆనించి ఇన్నది. గుండె బాగా కొట్టుకుంటందంట. నేనూ ఇంటానంటే నవ్వింది. నా పొట్ట కాడికి నా చెవి ఎట్టా అందుద్ది? నువ్వన్నా ఉంటే ఇనేవాడివి."

సిమెంటు బస్తాల వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఏడ్చానని రాయడానికి ఈ వయసులో నాకు సిగ్గు లేదు.

అడ్రసు చూసి నవ్వుకున్నాను కూడా. పేరు పలకలేక ఇలా చెప్పి రాయించింది గడుసుది అనుకున్నాను. మా ఊళ్ళో బడి పంతులుగారి అమ్మాయి చేత రాయించి ఉంటుంది, ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాసేసి ఉంటుందని సరిపెట్టుకున్నాను. కానీ ఒకటి అప్పుడే తట్టాల్సింది. డ్యాం మీద పేర్లు పిలిచేవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. గ్యాంగుకు ఒకడు ఉన్నాడు. ఆ కార్డు తిన్నగా నా కట్టలోకే ఎలా వచ్చిందో నేను ఆలోచించలేదు.

జవాబు రాయలేదు. ఏం రాయను? నా ఉత్తరం వెళితే పంతులుగారు చదవాలి. అమ్మకు వినపడేట్టు చదవాలంటే ఊరంతటికీ వినపడుతుంది. కడుపు సంగతి, ఆస్పత్రి సంగతి అలా అరిపించడానికి నాకు మనసొప్పలేదు. పైగా రాస్తే, ఎందుకు రావడం లేదో కూడా రాయాలి.

మరుసటి నెల ఇంకో కార్డు. అదే పెన్సిలు, అదే అడ్రసు.

"చేతికి గుడ్డ చుట్టి గాలి కొట్టి చూశారు. ఉప్పు ఇంకా తగ్గించమన్నారు. ఇప్పటికే అత్తమ్మకు ఏరే, నాకు ఏరే వండుతున్నా. ఉప్పు లేని పప్పు నోట్లో పెట్టుకుంటే ఏడుపొస్తంది. బస్సు హారను కొట్టినప్పుడల్లా లోపల ఒకటే తన్నడం. డ్రైవరు మీద కోపమో, నీ మీద కోపమో తెలవదు."

నా గ్యాంగులో బాలయ్య అని రాతి మేస్త్రీ ఉండేవాడు. కృష్ణ అవతలివాడు, యాభై దాటిన మనిషి. నేను కార్డు పట్టుకుని నాలో నేను నవ్వుకోవడం చూసి, "ఏం సారూ, పేరు లేని చిట్టి మల్లొచ్చిందా? నీ మొకం జూస్తె తెలుస్తుంది" అని ఆటపట్టించాడు. అడ్రసు చదివి వినిపించాను. ఆ రోజు నుంచి పొయ్యి దగ్గర కూర్చుంటే నన్ను "పేర్లు పిలిచే ఆయన" అనే పిలిచేవాడు. నాకు అదే బాగుండేది.

మూడో కార్డు ఏడో నెలలో వచ్చింది. దాన్ని మాత్రం రెండోసారి చదవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

"అక్కడ బల్ల మీద అందరికీ పక్కన ఒకరున్నారు. తల్లో, అత్తో, ఆడబిడ్డో. నా పక్కన నా సంచి పెట్టుకున్నా. ఒకామె అడిగింది, ఎవరితో వచ్చావమ్మా అని. మా ఇంటాయన బయట చెట్టు కింద ఉన్నాడని చెప్పా. అబద్ధమే. మొదటిసారి నువ్వు నిలబడ్డ చోటే చూపించా. ఆమె చూసి, ఎవరూ లేరే అంది."

అయినా నేను వెళ్ళలేదు. వెళ్ళాల్సింది. ఆ రోజే పట్టీ అక్కడ పారేసి లారీ ఎక్కాల్సింది. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ నెల గడిపాను.

నాలుగో కార్డు ఒక బుధవారం మధ్యాహ్నం వచ్చింది. అక్షరాలు వంకర్లు తిరిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

"ఏమయ్యా, ఈసారి నర్సమ్మ గొట్టం పెట్టి చానాసేపు ఇన్నది. నవ్వలేదు. డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. బేస్తవారం మళ్ళీ రమ్మన్నారు. పెద్దదిక్కును ఎంటబెట్టుకుని రావాలంట. నాకెవరున్నారు? ఒంటిగా పోతే ఊరుకోరు. తలకాయ పోటు. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నయ్యి. నువ్వు రా. ఈసారన్నా చూద్దువుగాని, ముక్కు ఎవరి పోలికో."

చివరి మాట మళ్ళీ చదివాను. నేను మొదటి బిడ్డ ముఖం చూడలేదని కోటమ్మకు తెలుసు. అప్పటినుంచీ తెలుసు. తెలిసీ ఒక్క మాట అనలేదు.

బాలయ్య నా దగ్గరికొచ్చాడు. "ఏమైంది సారూ?" అన్నాడు. కార్డు చూపించాను. అతనికి చదువు రాదని కూడా గుర్తు లేదు. అతను కార్డు చూడలేదు, నా ముఖం చూశాడు. నా చంకలోంచి పట్టీ లాక్కున్నాడు.

"పో సారూ. ఇంక నిలబడకు. పేర్లు నేను పిలుస్త. నూటయిర్వై మందీ యాదికున్నరు నాకు."

తర్వాత తెలిసింది, ఆ మనిషి పట్టీ తలకిందులుగా పట్టుకుని, ఒక్క పేరు తప్పకుండా రెండు పూటలా అందరినీ పిలిచాడట. గీతలు మాత్రం గీయలేదు. ఎవడు వచ్చాడో ఎవడు రాలేదో అంతా నోటికి చెప్పాడు.

సిమెంటు లారీలో మాచర్ల చేరి, పొద్దున్నే మొదటి రైలెక్కి గురజాలలో దిగాను. మూడు మైళ్ళూ పరుగో నడకో నాకే తెలియదు. ఇంటికి చేరేసరికి ఎండెక్కింది. బేస్తవారం.

అమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, "ఏరా, పని ఊడిందా?" అని వీధంతా వినపడేట్టు అరిచింది.

కోటమ్మ లోపల గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుంది. పక్కన ఆస్పత్రి సంచి ఉంది. ముఖం ఉబ్బి, కళ్ళు సన్నని గీతల్లా ఉన్నాయి. పాదాలు నేల మీద ఆనడం లేదు, అంత వాచాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "వచ్చావా" అంది.

"ఇంకా పేటకు పోలేదేందే?" అన్నాను.

"పెద్దదిక్కు లేకుండా ఎట్టా పోతాను? పెద్దదిక్కుతో రమ్మన్నారుగా. పొద్దున్నుంచీ తయారై కూచున్నా."

అదీ సంగతి. ఆస్పత్రిలో చేర్చుకోవాల్సి వస్తుంది, తోడు మనిషి కావాలి అని వాళ్ళ ఉద్దేశం. తోడు లేకపోతే రాకూడదని తను అర్థం చేసుకుంది. మా అమ్మను తీసుకెళ్దామంటే ఆవిడకు డాక్టరు మాట వినపడదు. "కడుపుతో ఉన్నదానికి కాళ్ళు వాయకపోతే ఏం వాస్తయ్యి?" అని అమ్మ కొట్టిపారేసింది. ఇక సంచి పక్కన పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నేను రాకపోతే సాయంత్రం దాకా అలాగే కూర్చునేది. ఆ తర్వాత ఏమయ్యేదో రాయను.

బండి కట్టించి గురజాల, అక్కణ్ణుంచి బస్సు. దారిలో తను ఒక్క మాట మాట్లాడలేదు. నా భుజం మీద తల వాల్చి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని కూర్చుంది. ఎన్ని మాటలు చెప్పిన నోరు అది! ఆ నిశ్శబ్దానికే నేను సగం చచ్చాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చేతికి గుడ్డ చుట్టి గాలి కొట్టి చూసి, ఇంకేం అడగకుండా లోపలికి తీసుకెళ్ళమంది. ఆపరేషన్ చేయాలంది. కాగితం తెచ్చారు. నేను సంతకం పెట్టాను. నా పేరు నాదిలా రాలేదు.

శుక్రవారం పొద్దున ఆడపిల్ల పుట్టింది. ఎనిమిదో నెల బిడ్డ, దోసెడంత ఉంది. తలుపు ఇవతల నిలబడిన నాకు ముందు వినపడింది ఏడుపు. పిల్లి కూన అరిచినట్టు సన్నగా, కానీ ఆగకుండా. నర్సమ్మ గుడ్డలో చుట్టి తెచ్చి చూపించింది. నేను మొట్టమొదట ముక్కు చూశాను. నా ముక్కే. పాపం పిల్ల.

డాక్టరమ్మ బయటికొచ్చి, ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదంది. మంచి వేళకు తీసుకొచ్చావయ్యా అంది.

మూడో రోజు కోటమ్మ కాస్త తేరుకుని దిండుకు ఆనుకుని కూర్చుంది. పిల్ల పక్కలో ఉంది. అప్పుడు అన్నాను, నీ కార్డు అందబట్టి వచ్చానే, లేకపోతే ఏమయ్యేదో అని.

"ఏం కార్డు?" అంది.

నేను నవ్వాను. తను నవ్వలేదు. "నేనేం కార్డు రాయించలా" అంది.

"నాలుగు వచ్చినయ్యి కదే. నెలకొకటి."

"ఈ సంగతులు ఒకళ్ళకు చెప్పి రాయిస్తానా? సిగ్గుండొద్దూ? అయినా రాయించాలంటే అడ్రసు చెప్పాలి. అడ్రసు చెప్పాలంటే నీ పేరు చెప్పాలి. నేనెట్టా చెప్తాను?"

నాలుగో కార్డు నా చొక్కా జేబులోనే ఉంది. తీసి చేతికిచ్చాను. తను దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసింది. నేను తీసుకుని మెల్లగా చదివాను. ముక్కు సంగతి దగ్గరికొచ్చేసరికి తన ముఖంలో రక్తం లేదు.

"ఇయ్యి నా మాటలే" అంది. "సోమవారం బస్సులో తిరిగొచ్చేటప్పుడు అనుకున్న మాటలు. నువ్వెట్టా ఇన్నావు?"

అప్పుడు చెప్పింది. నెలనెలా చూపించుకుని తిరిగొచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని, మొదటిసారి చెప్పినట్టే, ఆ రోజు జరిగినవన్నీ మనసులో నాకు చెప్పుకునేదట. పెదవి కూడా కదలకుండా. బస్సు గురజాల చేరేదాకా చెప్పుకునేదట. గొట్టం సంగతి, ఉప్పు లేని పప్పు, చెట్టు కింద మనిషి, అన్నీ ఆ బస్సులో నాతో అన్న మాటలే.

నేను మొదట నమ్మలేదు. సిగ్గుపడి దాస్తోంది అనుకున్నాను. నరసరావుపేటలో పోస్టాఫీసు ముందు ఉత్తరాలు రాసిపెట్టేవాళ్ళు ఉంటారు, వాళ్ళ చేత రాయించి ఉంటుంది, అడిగితే ఒప్పుకోవడం లేదు అనుకున్నాను. రెండు మూడుసార్లు గుచ్చి అడిగాను. తను పక్కలో పిల్ల మీద చెయ్యి వేసి, "దీని మీద ఒట్టు" అంది. ఒక బిడ్డను మట్టిలో పెట్టిన తల్లి రెండో బిడ్డ మీద అబద్ధపు ఒట్టు వేయదు. ఆ తర్వాత నేనెప్పుడూ తనను అడగలేదు.

మిగతావాళ్ళను అడిగాను. నర్సమ్మను అడిగితే నవ్వింది. "నాకు ఊపిరి పీల్చుకునే తీరిక లేదు, మీ ఆవిడకు ఉత్తరాలు రాసిపెడతానా? అయినా రాస్తే మీ పేరు రాయనూ? నా రిజిస్టర్లోనే ఉందిగా" అంది.

ఊరికెళ్ళాక బడి పంతులుగారిని అడిగాను. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "నేను రాయలేదు, మా పిల్లా రాయలేదు. మేం రాస్తే నీ పేరు లేకుండా ఎందుకు రాస్తామయ్యా? నిన్ను బడిలో వేసిన రోజు నీ పేరు రాసిందే నేను" అన్నాడు.

కోటమ్మ ఆస్పత్రికి వెళ్ళింది సోమవారం. నాకు కార్డు అందింది బుధవారం మధ్యాహ్నం. ఆ రోజుల్లో మా ఊరి నుంచిగాని, పేట నుంచిగాని డ్యాంకు ఉత్తరం నాలుగైదు రోజులకు ముందు చేరింది లేదు. అన్ని ఉత్తరాలు పంచినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు. కార్డుల మీద మాచర్ల ముద్ర స్పష్టంగా ఉంది. బయల్దేరిన ఊరి ముద్ర నాలుగింటి మీదా సిరా ముద్దకట్టి ఉంది. తెలిసిన పోస్టుమాస్టరుకు చూపించాను. సిరా ఎక్కువైతే అలా అవుతుంది, మామూలే అన్నాడు. నాలుగింటికీనా అంటే భుజాలెగరేశాడు.

తర్వాత జీవితం మామూలుగానే గడిచింది. నేను ఎన్నో చోట్ల మస్టరు గుమాస్తాగానే పనిచేశాను గాని, మళ్ళీ తనను ఒంటరిగా వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. ఎక్కడ పని దొరికితే అక్కడికి అమ్మతో సహా ముగ్గురినీ తీసుకెళ్ళాను. మా అమ్మాయి చదువుకుని టీచరయింది. తల్లికి యాభై ఏళ్ళప్పుడు పలక కొనిచ్చి అక్షరాలు దిద్దించింది. నెలరోజుల కుస్తీ తర్వాత కోటమ్మ తన పేరు మూడక్షరాలూ రాయగలిగింది.

ఒక మధ్యాహ్నం మా అమ్మాయి ఆటపట్టించింది. "ఇక నాన్న పేరు రాయమ్మా" అంది.

కోటమ్మ బలపం కింద పెట్టేసింది. "నోటితో అననిది చేత్తో రాస్తానా?" అంది.

నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. అక్షరాలు ఏవీ కనపడలేదు. ఆ మాటతో నాకు ఒకటి అర్థమైంది. ఆ కార్డులు ఎవరు రాసి ఉన్నా నా పేరు రాసి ఉండేవాళ్ళు. నర్సమ్మ రాసేది, పంతులుగారు రాసేవాడు, పోస్టాఫీసు ముందు కూర్చునేవాడు పేరు లేకుండా పోదమ్మా అని అడిగి మరీ రాసేవాడు. నా పేరు తెలిసీ నా పేరు రాయని మనిషి ఈ లోకంలో ఒక్కటే. ఆ మనిషికి రాయడం రాదు.

ఆ రోజు పలక మీద అక్షరాలను, ట్రంకుపెట్టెలోంచి కార్డులు తీసి పక్కన పెట్టి పోల్చి చూశాను. పోలిక ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. తేల్చుకోలేకపోయాను. ముప్ఫై ఏళ్ళ పట్టీల్లో ప్రతి పేరు ఎదురుగా ఒక గీతో, సున్నానో పెట్టాను. దీని ఎదురుగా ఇప్పటికీ ఏమీ పెట్టలేకపోయాను.

కోటమ్మ పోయి నాలుగేళ్ళయింది. చివరి రోజుల్లో కూడా నన్ను "ఏమయ్యా" అనే పిలిచింది. నా పేరు తన నోట ఒక్కసారి కూడా వినలేదు.

మా అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరూ ఉండరు. పోస్టాయన వచ్చి ఏవో కాగితాలు ఇచ్చిపోతాడు, పెన్షను కాగితాలో, పెళ్ళి శుభలేఖలో. విప్పేముందు ఒక్కొక్కటీ తిప్పి అడ్రసు వైపు చూస్తాను. నమ్మకం ఉండి కాదు, నాకు అలాంటి నమ్మకాలు లేవని ముందే చెప్పాను. అయినా చూస్తాను.

అన్నిటి మీదా నా పేరే ఉంటుంది.